పాత లారీ బుష్‌లు: రబ్బరా, గన్‌మెటలా, యూరిథేనా?

కాజ టోల్ గేటు ముందు రోడ్డు మీద వేసిన పట్టీలు దాటేటప్పుడు మా లారీ ముందు భాగంలో ఎవరో సుత్తితో కొడుతున్నట్టు శబ్దం వచ్చేది. బండి 2005 మోడల్, ఆరు చక్రాలది. గుంటూరు కోల్డ్ స్టోరేజీల నుంచి మిర్చి టిక్కీలు (బస్తాలు) తోలతాం. లోడు మీద ఉంటే శబ్దం తక్కువ, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు ఎక్కువ. వేగం 50 దాటితే స్టీరింగ్ చేతుల్లో వణికేది. నేను చేసిన మొదటి పని అలైన్‌మెంట్ (ముందు చక్రాల దిశ సరిచేసే పని) చేయించడం. అక్కడి కుర్రాడు బండిని జాకీ మీదకి లేపకుండానే టై రాడ్ (ముందు చక్రాలు రెండిటినీ కలిపే కడ్డీ) తిప్పి, కొలత సరిచేసి పంపేశాడు. నెల తిరక్కముందే ముందు ఎడమ టైరు లోపలి అంచు నున్నగా అయిపోయింది. అరిగిన కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకి తిరగడానికి ఆధారమయ్యే నిలువు పిన్) ఉంచుకుని అలైన్‌మెంట్ చేయించడమంటే కాలు ఊగే బల్ల మీద త్రాసు పెట్టి తూకం వేయడమే. ఆ ఒక్క టైరు డబ్బుతో ముందు యాక్సిల్ బుష్‌ల పని సగం అయిపోయేది. బుష్ అంటే పిన్‌కీ అది కూర్చునే కన్నానికీ మధ్య ఉండే గొట్టంలాంటి ముక్క.

తర్వాత కొన్నాళ్లకి మా బావమరిది పికప్‌కి అదే శబ్దం వచ్చింది. "బావా, నీ లారీకి వేయించినట్టే నాకూ గన్‌మెటల్ వేయిద్దాం, జన్మలో మళ్లీ చూడక్కర్లేదు" అన్నాడు. మా మేస్త్రీ నవ్వి, "అబ్బాయ్, బుష్ సంగతి తర్వాత, ముందు నీ గ్రీజు గన్ చూపించు" అన్నాడు. వాడికి గ్రీజు గన్ లేదు. వాడి పికప్‌కి రబ్బరు బుష్‌లే పడ్డాయి. అదే సరైన ఎంపిక. ఈ రెండు బండ్ల మీద నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

కొనేముందు ఏది అరిగిందో తేల్చుకోండి

షాపుకి వెళ్లి "బుష్ సెట్ ఇవ్వండి" అంటే ఏదో ఒకటి చేతిలో పెడతారు. బండి కింద బుష్ ఉండే చోట్లు చాలా ఉన్నాయి. కమాను కట్ట (పట్టీల స్ప్రింగ్) రెండు చివర్ల కన్నాల్లో ఒక్కొక్కటి, షాకిల్‌కి (కమాను ఒక చివరని ఛాసిస్‌కి కలిపే ఊగే లింకు) ఇంకొకటి, షాక్ అబ్జార్బర్ పైనా కిందా, స్టెబిలైజర్ బార్‌కి (బండి పక్కకి వాలడాన్ని తగ్గించే కడ్డీ), వీటన్నిటికంటే ముఖ్యంగా కింగ్ పిన్‌కి పైనా కిందా. ఒక్కోదాని లక్షణం ఒక్కోలా ఉంటుంది. అరగంట టైం పెడితే ఇంటి దగ్గరే చాలావరకు తెలిసిపోతుంది.

వెనక చక్రాలకి చెక్క దిమ్మలు అడ్డం పెట్టి, ముందు యాక్సిల్‌ని జాకీతో లేపి కింద స్టాండు పెట్టండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందకి దూరొద్దు. చక్రాన్ని పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి లాగి నెట్టండి. పెద్ద చక్రమైతే కింద గునపం పెట్టి ఎత్తాలి. కొట్టుకుంటోందంటే కింగ్ పిన్ అయినా కావాలి, చక్రం బేరింగ్ అయినా కావాలి. రెండిట్లో ఏదో తేల్చడానికి ఒక మనిషిని బ్రేక్ తొక్కి పట్టుకోమనండి. బ్రేక్ తొక్కినప్పుడు ఆ కదలిక ఆగిపోతే బేరింగ్ లూజు. బ్రేక్ తొక్కినా అలాగే కొట్టుకుంటుంటే కింగ్ పిన్. ఈ చిన్న పరీక్ష తెలియక బేరింగ్‌లు మార్చి, డబ్బులు పోగొట్టుకుని, అదే శబ్దంతో మళ్లీ వచ్చినవాళ్లని ఆటోనగర్‌లో ఎంతమందినో చూశాను.

ఇప్పుడు చక్రాన్ని పక్కల పట్టుకుని కదపండి. ఇక్కడ వదులు ఉంటే ఎక్కువగా టై రాడ్ ఎండ్ (కడ్డీ చివరి బాల్ జాయింట్), డ్రాగ్ లింక్ (స్టీరింగ్ నుంచి చక్రం వైపు వెళ్లే కడ్డీ) వల్లే. వీటిని చక్రాలు నేల మీద ఉండగా చూడటం ఇంకా మంచిది. క్యాబిన్‌లో ఒకరు స్టీరింగ్‌ని అటూ ఇటూ కొద్దిగా తిప్పుతుంటే, మీరు పక్కనుంచి ఒక్కో జాయింట్ మీద చెయ్యి వేసి చూడండి. రాడ్ కదిలి బాల్ కదలకపోతే దొంగ దొరికినట్టే. పవర్ స్టీరింగ్ బండి అయితే ఇంజిన్ ఆన్‌లో ఉండాలి. అప్పుడు చేతులూ బట్టలూ ఫ్యాన్ బెల్టుకి దూరంగా ఉంచుకోండి.

కమాను బుష్‌లకి గునపమే పరికరం. కమాను కన్నానికీ బ్రాకెట్‌కీ మధ్య దూర్చి ఎత్తి చూడండి. పిన్ చుట్టూ ఇటుక పొడిలాంటి ఎర్రటి తుప్పు రాలుతుంటే అక్కడ ఇనుము ఇనుముని తింటోందని అర్థం. కమాను పక్కన బ్రాకెట్ లోపలి గోడ అద్దంలా మెరుస్తుంటే కట్ట పక్కకి జరిగి రాసుకుంటోంది. రబ్బరు బుష్ అయితే ఒక వైపు ఉబ్బి బయటికి వచ్చి ఉంటుంది, లేదా మధ్యలో ఉండాల్సిన గొట్టం ఒక అంచుకి దిగిపోయి ఉంటుంది. షాక్ అబ్జార్బర్ బుష్ పోతే చిన్న గుంటలకి కూడా గలగలమంటుంది గానీ స్టీరింగ్ లాగదు.

ఇంకో గుర్తు టైరు మీదే ఉంటుంది. అరచేతిని టైరు మీద అడ్డంగా ఒక వైపు నుంచి ఇంకో వైపుకి, మళ్లీ వెనక్కి రాయండి. ఒక దిశలో నున్నగా, రెండో దిశలో రంపంలా తగిలితే టో కొలత (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే లెక్క) తప్పింది. అక్కడక్కడా మచ్చలు మచ్చలుగా అరిగితే ఎక్కడో లూజు ఉందన్నమాట.

కమాను బుష్‌లు: ఇక్కడే అసలు బేరం

ముందు మీ బండికి కంపెనీ ఏది వేసిందో చూడండి. పిన్ చివర గ్రీజు నిపిల్ ఉంటే అది ఇనుప పిన్ మీద గన్‌మెటల్ లాంటి లోహపు బుష్ తిరిగే పద్ధతి. నిపిల్ లేకుండా బోల్టు, నట్టు మాత్రమే ఉంటే దాదాపుగా రబ్బరే. పాత పెద్ద లారీలకి మొదటిది, పికప్‌లకీ చిన్న బండ్లకీ రెండోది ఎక్కువగా కనిపిస్తాయి.

రబ్బరు బుష్‌ని మనవాళ్లు తక్కువగా చూస్తారు. నిజానికి అది తెలివైన వస్తువు. మంచి రబ్బరు బుష్‌లో ఏదీ రాసుకోదు. లోపలి గొట్టం బోల్టుతో బ్రాకెట్‌కి బిగుసుకుంటుంది, బయటి భాగం కమాను కన్నానికి పట్టుకుంటుంది, మధ్యలో రబ్బరు మెలి తిరిగి మళ్లీ యథాస్థానానికి వస్తుంది. అందుకే దానికి గ్రీజు అక్కర్లేదు. అక్కర్లేదు అనడం కంటే పెట్టకూడదు అనాలి. మామూలు గ్రీజు, డీజిల్, ఇంజిన్ ఆయిల్ తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఇంజిన్ నుంచి ఆయిల్ కారే బండికి కొత్త రబ్బరు బుష్ వేయడమంటే చెదలున్న గోడకి కొత్త తలుపు బిగించినట్టే. ముందు కారడం ఆపించండి. రబ్బరు వల్ల గుంటల దెబ్బ ఛాసిస్‌కీ క్యాబిన్‌కీ తక్కువగా చేరుతుంది, శబ్దం ఉండదు. పోయేటప్పుడు కూడా నెమ్మదిగా పోతుంది, పిన్‌ని తినదు. లోపమల్లా ఆయుష్షు. పల్నాడు ఎండలకి, ఓవర్‌లోడుకి రబ్బరు గట్టిపడి పగులుతుంది.

రబ్బరు బుష్ తొందరగా పోవడానికి సగం కారణం బిగింపే. మెకానిక్ బండిని ఎత్తి, చక్రాలు వేలాడుతుండగా బోల్టు ఫుల్‌గా బిగిస్తాడు. బండి కిందకి దిగగానే కమాను చదునవుతుంది, రబ్బరు ఆ క్షణం నుంచే మెలితిరిగి ఉండిపోతుంది. ఆ మెలికతోనే రోజంతా పనిచేయాలి. అది ఎన్నాళ్లు బతుకుతుంది? చక్రాలు నేల మీద ఆని, బండి మామూలు ఎత్తులో నిలబడ్డాకే చివరి బిగింపు వేయించండి. బావమరిది పికప్‌కి ఇంతకుముందు వేసిన బుష్‌లు ఏడాది లోపే ఎందుకు పోయాయో మాకు ఈసారి అర్థమైంది. పైసా ఖర్చు లేని పని ఇది, మేస్త్రీ పక్కన నిలబడి చేయించుకోవాలి అంతే.

గన్‌మెటల్ సంగతి వేరు. రాగి, తగరం, జింకు కలిసిన లోహం. బరువుని బాగా మోస్తుంది, ఇనుప పిన్‌తో పడుతుంది. గ్రీజు ఉన్నంతకాలం రబ్బరు కంటే చాలా ఎక్కువ నడుస్తుంది. గ్రీజు ఎండిపోతే మాత్రం బుష్‌నీ పిన్‌నీ కలిపి తినేస్తుంది, ఇంకా వదిలేస్తే బ్రాకెట్ కన్నం కూడా పెరుగుతుంది. గ్రీజు పని నెల నెలా కాదు, మా మేస్త్రీ లెక్కలో వారం వారం. వాన నీళ్లలో, బురదలో తిరిగిన రోజు ఇంటికి రాగానే. కొత్త గ్రీజు లోపలికి వెళ్లి పాత నల్లటి గ్రీజు పక్కల నుంచి బయటికి వచ్చేదాకా కొట్టాలి. నాలుగు సార్లు గన్ నొక్కి వెళ్లిపోతే నిపిల్ దగ్గర బొట్టు అంటుతుంది గానీ లోపలికి చేరదు.

గన్‌మెటల్‌కి ఉన్న పెద్ద లాభం మన ఊళ్లలోనే బాగా అక్కరకొస్తుంది. బ్రాకెట్ కన్నం అరిగి పెద్దదైపోతే షాపులో దొరికే బుష్ అందులో గలగలలాడుతుంది. అప్పుడు లేత్ వాడి దగ్గరకి బ్రాకెట్ తీసుకెళ్తే కన్నాన్ని గుండ్రంగా సాపు చేసి, దానికి సరిపడా బయటి సైజు పెంచిన బుష్ తిప్పి ఇస్తాడు. రబ్బరు బుష్‌తో ఈ వీలు లేదు. అయితే ఒక మోసం ఉంది. గన్‌మెటల్ అని చెప్పి ఇత్తడి కడ్డీ తిప్పి ఇస్తారు. ఇత్తడి పచ్చగా బంగారంలా ఉంటుంది, గన్‌మెటల్‌కి ఎర్రటి ఛాయ ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే పిల్లాడికైనా తెలుస్తుంది, కానీ ఒక్కటే చేతిలో పెడితే తెలియదు. అందుకే నేను పాత కంపెనీ బుష్ జేబులో వేసుకుని వెళ్తాను.

రబ్బరు బండికి గన్‌మెటల్ వేయించుకోవచ్చా? వేయించేవాళ్లున్నారు. అప్పుడు బోల్టు పోయి, గట్టిపరిచిన పిన్ రావాలి, పిన్‌లో గ్రీజు దారి ఉండాలి, నిపిల్ ఉండాలి. మామూలు బోల్టుకి ఇంట్లో డ్రిల్లు వేసి గ్రీజు కన్నం చేసిన బండి ఒకటి చూశాను. ఆ కన్నం దగ్గరే బోల్టు తెగింది. అదృష్టం బాగుండి ఊళ్లో, నిదానంగా పోతుండగా తెగింది. బావమరిది ఆలోచనకి నేను ఒప్పుకోకపోవడానికి అదొక కారణం. రెండోది, పికప్ వాడు నెలకోసారి కూడా కిందకి వంగి చూడడు.

ఇక యూరిథేన్. పాలీ బుష్ అంటారు. ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో బాగుంటుంది, అమ్మేవాడి మాటలు ఇంకా బాగుంటాయి. రబ్బరు కంటే గట్టిది, ఆయిల్‌కి తొందరగా లొంగదు, అరగడానికి చాలాకాలం పడుతుంది. కానీ ఇది రబ్బరులా మెలితిరగదు, గొట్టం మీద జారుతుంది. అందుకని వేసేటప్పుడే దానికి పనికొచ్చే సిలికాన్ గ్రీజు పట్టించాలి, లేకపోతే కొన్నాళ్లకి కిర్రు కిర్రుమంటూ మొత్తం రోడ్డుకి మీ రాక చెబుతుంది. గట్టిగా ఉండటం వల్ల గుంట దెబ్బ నేరుగా బ్రాకెట్‌కి, రివిట్లకి పోతుంది. పైగా ఒక చక్రం గుంటలో దిగి ఇంకొకటి గట్టు మీద ఉన్నప్పుడు కమాను కొంచెం పక్కకి కూడా మెలిపడాలి. అక్కడ రబ్బరు సర్దుకున్నంతగా యూరిథేన్ సర్దుకోదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది: యూరిథేన్‌ని కమాను కన్నంలో కాదు, స్టెబిలైజర్ బార్‌కి వేయండి. మిర్చి టిక్కీలు బరువు కంటే ఎత్తు ఎక్కువ. వంతెన దిగి మలుపు తిరిగేటప్పుడు బండి పక్కకి వాలడం గుంటూరు లారీ వాళ్లకి చెప్పక్కర్లేదు. స్టెబిలైజర్ బార్ బుష్‌లు గట్టివి వేశాక మా బండి ఊగడం కచ్చితంగా తగ్గింది. ఇసుకో, సిమెంటో, కంకరో తోలేవాళ్లకి లోడు కిందకే ఉంటుంది కాబట్టి ఈ తేడా అంతగా తెలియదు. వాళ్లు మామూలు రబ్బరుతో సరిపెట్టుకోవచ్చు.

నైలాన్ బుష్‌లు కూడా దొరుకుతాయి, చవక. నైలాన్ నీళ్లు పీల్చి కొద్దిగా ఉబ్బుతుంది. వానాకాలంలో బిగుసుకుని, ఎండాకాలంలో వదులవుతుంది. తాత్కాలికంగా బండి ఇంటికి చేరడానికి సరే.

కింగ్ పిన్: ఇక్కడ పొదుపు వద్దు

కమాను బుష్ అరిగితే శబ్దం, టైరు ఖర్చు. కింగ్ పిన్ అరిగితే చక్రం మీ మాట వినదు. అందుకే ఇక్కడ ఎంపిక సామాను మధ్య కంటే పని చేసే పద్ధతి మధ్య ఉంటుంది.

బుష్‌లు మాత్రమే మార్చి పాత పిన్ ఉంచుదామని ఎవరైనా అంటే వద్దనండి. పాత పిన్ బయటికి తీశాక మధ్యలో వేలు పెట్టి పైకీ కిందకీ జరపండి. బుష్ ఉన్న చోట చిన్న పల్లం గోరుకి తగులుతుంది. ఆ పల్లం మీద కొత్త బుష్ ఒక వైపు బిగువుగా, ఒక వైపు వదులుగా కూర్చుంటుంది. పిన్, బుష్, థ్రస్ట్ బేరింగ్ (బరువు మోసే బేరింగ్), షిమ్‌లు (సందు సరిచేసే పల్చటి వాషర్లు), లాక్ పిన్, మూతలు అన్నీ ఉన్న పూర్తి కిట్టే కొనండి. రెండు వైపులా ఒకేసారి మార్చాలి. ఒక వైపు బిగువు, ఇంకో వైపు లూజు ఉంటే స్టీరింగ్ ఒక దిక్కుకి లాగుతూ మిమ్మల్ని మోసం చేస్తుంది.

బుష్ కొట్టాక దాని లోపలి సైజుని పిన్‌కి సరిపడేలా రీమర్‌తో (కన్నాన్ని లోపల సన్నగా చెక్కే పనిముట్టు) తీయాలి. పిన్‌కీ బుష్‌కీ మధ్య ఉండాల్సిన సందు దాదాపు వెంట్రుక మందమే. పై బుష్, కింది బుష్ రెండూ ఒకే గీత మీద ఉండాలి. చేతి రీమర్‌ని పైదానికి విడిగా, కిందదానికి విడిగా తిప్పితే గీత తప్పుతుంది. పిన్ ఎక్కుతుంది గానీ మధ్యలో పట్టేస్తుంది. పొడవాటి రీమర్‌తో ఒక బుష్‌ని ఆసరా చేసుకుని రెండోది తీసేవాడు మంచి మేస్త్రీ. అంతకంటే మంచిది స్టబ్ యాక్సిల్ (కింగ్ పిన్ మీద తిరుగుతూ చక్రాన్ని మోసే ముక్క) విప్పి లేత్‌కి పంపి, రెండు బుష్‌లూ ఒకే పట్టులో బోర్ చేయించడం. ఖర్చు కొంచెం ఎక్కువ, ఒక పూట ఆలస్యం. నేను రెండోదే చేయించాను, మళ్లీ అయినా అదే చేయిస్తాను. ఎమరీ కాగితం కర్రకి చుట్టి బుష్ రుద్దేవాడి దగ్గర బండి విప్పించొద్దు.

ఇంకో విషయం, దీన్ని నేనే కళ్లారా పట్టుకున్నాను కాబట్టి చెబుతున్నాను. బుష్‌లో ఒక కన్నం ఉంటుంది. అది స్టబ్ యాక్సిల్‌లోని గ్రీజు కన్నానికి ఎదురుగా కూర్చోవాలి. తిరగేసి కొడితే నిపిల్‌కి ఎంత గ్రీజు కొట్టినా లోపలికి వెళ్లదు, బుష్ పుట్టిన రోజు నుంచే ఎండిపోయి పనిచేస్తుంది. బుష్ కొట్టిన వెంటనే, పిన్ ఎక్కించకముందే నిపిల్ బిగించి ఒకసారి గ్రీజు కొట్టించి చూడండి. లోపల పురుగులా గ్రీజు బయటికి రావాలి.

పిన్ ఇరుసు కన్నంలో కూడా బిగువుగా ఉండాలి. అక్కడే ఊగుతుంటే బుష్‌లు ఎన్ని మార్చినా దండగ. దీనికి రోడ్డు పక్క వైద్యం రెండు రకాలు: పిన్ మీద పంచ్‌తో చుక్కలు పొడిచి ఉబ్బించడం, డబ్బా రేకు ముక్క చుట్టి కొట్టడం. రెండూ ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ పరీక్ష) దాకా పట్టుకుంటాయి, ఆ తర్వాత పట్టుకోవు. సైజు పెంచిన పిన్ దొరికితే అది వేయాలి, దొరకకపోతే కన్నం బోర్ చేసి స్లీవ్ వేయించాలి. ఇరుసుకి, స్టీరింగ్ ఆర్మ్‌లకి, రాడ్‌లకి వెల్డింగ్ పెట్టనివ్వకండి. టై రాడ్ ఎండ్ బాల్ అరిగితే మరమ్మతు లేదు, కొత్తదే.

గ్రీజు కొట్టేటప్పుడు చిన్న కిటుకు. చక్రాలు నేల మీద ఉండగా బండి ముందు భాగం బరువంతా థ్రస్ట్ బేరింగ్‌ల మీద ఉంటుంది, అక్కడికి గ్రీజు దూరదు. ముందు యాక్సిల్‌ని జాకీతో లేపి, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతూ కొడితే అన్ని మూలలకీ చేరుతుంది. ప్రతి వారం కాకపోయినా నెలకోసారైనా ఇలా చేయండి.

కంపెనీదా, బయటిదా, లోకలా

పెట్టె మీద పార్ట్ నంబరు, ధర, హోలోగ్రాం ఉన్న కంపెనీ సామాను అన్నిటికంటే ఖరీదు. టాటా బండికి టాటా జెన్యూన్ పార్ట్స్, లేలాండ్‌కి లేపార్ట్స్. స్టీరింగ్ రాడ్ ఎండ్‌లకి రాణే లాంటి పేరున్న తయారీదార్లు కూడా ఉన్నారు. ప్రాణం వేలాడేవి, అంటే కింగ్ పిన్ కిట్టు, రాడ్ ఎండ్‌లు, ఈ రెండు రకాల్లో ఒకటి కొంటాను. బిల్లు తీసుకుంటాను. బిల్లు ఇవ్వననేవాడి పెట్టె మీద హోలోగ్రాం ఎంత మెరిసినా నమ్మను.

షాక్ అబ్జార్బర్ రబ్బర్లకి, స్టెబిలైజర్ రబ్బర్లకి అంత అక్కర్లేదు. లోకల్ రబ్బరు కొనేటప్పుడు బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కండి. మంచిదైతే గుంట పడి మళ్లీ సాఫీ అవుతుంది. పాత టైర్లు అరగదీసిన పొడితో చేసిందైతే అంచు పొడిపొడిగా రాలుతుంది. లోపలి గొట్టానికీ రబ్బరుకీ మధ్య సన్నటి సందు కనిపిస్తే అతుకు సరిగా పడలేదు, పక్కన పెట్టేయండి.

తుక్కు బండ్లు విప్పే చోట బుష్‌లు కొనేవాళ్లని చూశాను. వాడేసిన టూత్ బ్రష్ కొన్నట్టే. అయితే పాత మోడల్ షాకిల్, బ్రాకెట్ లాంటివి కొత్తవి దొరకనప్పుడు అక్కడ వెతకొచ్చు. కిరోసిన్‌తో కడిగి పగుళ్లు ఉన్నాయేమో వెలుతురులో చూసుకోండి.

గుంటూరులోనా, విజయవాడలోనా

గుంటూరు ఆటోనగర్ మాకు దగ్గర, మేస్త్రీ తెలిసినవాడు. కమాను బుష్‌లు, షాక్ రబ్బర్ల పనికి విజయవాడ దాకా వెళ్లక్కర్లేదు. కింగ్ పిన్ పనికి మాత్రం నేను విజయవాడ జవహర్ ఆటోనగరే వెళ్లాను. అక్కడ స్పేర్ షాపు, లేత్, ప్రెస్, కమాన్ల పని చేసేవాళ్లు అందరూ నడిచి వెళ్లేంత దూరంలో ఉంటారు. బండి విప్పాక అనుకోనిది ఏదో ఒకటి బయటపడుతుంది. అప్పుడు సామాను కోసం ఊరు దాటి పరిగెత్తాల్సి వస్తే ఒక్కో గంటా ఒక్కో రోజవుతుంది. ఆగిన బండికి కిస్తీ ఆగదు కదా.

పని ఎప్పుడు పెట్టుకోవాలో కూడా ఆలోచించండి. మా లెక్కలో ఎండాకాలంలో మిర్చి యార్డుకి సెలవులిచ్చే రోజులు దీనికి అచ్చొచ్చినవి. కమాను కట్ట దించడానికి, ఎక్కించడానికి ఒకటి రెండు రోజులు, కింగ్ పిన్‌కి లేత్ పనితో కలిపి మరో రెండు రోజులు పట్టొచ్చని ముందే డ్రైవర్‌కి చెప్పుకోండి.

పిన్ రాకపోతే పక్కనే గ్యాస్ కటింగ్ వాడుంటాడు, మంట పెట్టడానికి సిద్ధంగా. కమాను కన్నం దగ్గర ఎర్రగా కాలిస్తే ఆ పట్టీ టెంపర్ (ఉక్కుకి ఇచ్చిన గట్టిదనం) పోతుంది. ఇప్పుడు పిన్ వస్తుంది, నాలుగు నెలల్లో కమాను మెయిన్ పట్టీ విరుగుతుంది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలే నూనె పోసి ఉంచి, పొద్దున ప్రెస్ మీద తీయించండి. కూలి కొంచెం ఎక్కువైనా ఇదే చవక.

కమాను కట్ట ఎలాగూ కిందకి దిగింది కాబట్టి సెంటర్ బోల్టు, యూ బోల్టులు కొత్తవి వేయించండి. ఒకసారి సాగిన యూ బోల్టు రెండోసారి అదే పట్టు ఇవ్వదు. కొత్తవి వేశాక ఒక లోడు తోలి, రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి. ఇది చేయించినవాళ్లు పదిమందిలో ఇద్దరుంటారేమో.

అన్నీ అయ్యాక అలైన్‌మెంట్. ఈసారి అక్కడి కుర్రాడికి నేనే జాకీ అందించాను. టో కొలత సరిచేశాక బండిని రోడ్డు మీద నడిపి, స్టీరింగ్ వదిలితే తనంతట తాను నిటారుగా వస్తుందో లేదో చూశాను. కొత్త కింగ్ పిన్‌తో మొదట్లో కొంచెం బిగువుగా అనిపిస్తుంది, కొన్ని రోజులకి సర్దుకుంటుంది. మలుపు తిరిగాక అసలు వెనక్కి రాకపోతే మాత్రం బుష్ మరీ బిగిసింది లేదా షిమ్‌లు ఎక్కువయ్యాయి, వెంటనే వెనక్కి తీసుకెళ్లండి. దాన్ని గ్రీజుతో సర్దుకుంటుందనే మాట వినొద్దు.

డబ్బు సరిపోక అన్నీ ఒకేసారి చేయించలేనివాళ్లుంటారు, నేనూ అలాగే మూడు దఫాలుగా చేయించాను. వరస మాత్రం మార్చకండి: ముందు కింగ్ పిన్, రాడ్ ఎండ్‌లు, తర్వాత ముందు కమాన్ల బుష్‌లు, ఆ తర్వాత వెనకవి, చివర్లో షాక్, స్టెబిలైజర్ రబ్బర్లు. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఎఫ్‌సీ ఏడాదికోసారి ఉంటుంది కాబట్టి ఆ తేదీకి రెండు నెలల ముందు మొదటి దఫా పెట్టుకుంటే, పరీక్షలో బండి కింద చూసేసరికి కొత్త పిన్ కాస్త తిరిగి, మీకూ ఏదైనా తేడా ఉంటే సరిచేయించుకునే టైం మిగులుతుంది. బావమరిది పికప్‌కి రబ్బరు బుష్‌లు వేసి పద్నాలుగు నెలలైంది, ఇంకా శబ్దం లేదు. గ్రీజు గన్ మాత్రం ఇప్పటికీ కొనలేదు.